ఇద్దరే, రెండు రోజులు
తక్కువ ఖర్చుతో దంపతుల పట్టణ ప్రయాణం

మన గ్రామాలలో భార్యాభర్తలిద్దరూ కలిసి పట్టణానికి వెళ్లే సందర్భాలు ఎన్ని? ఒకరికి జబ్బు చేస్తే ఆసుపత్రికి వెళ్తారు. బంధువుల పెండ్లికి వెళ్తారు. పిల్లవాణ్ణి కాలేజీలో చేర్పించడానికి వెళ్తారు. బ్యాంకులో ఇద్దరి సంతకాలూ కావాలంటే వెళ్తారు. ఆ పని కాగానే సాయంత్రం బస్సుకు పరుగెత్తుకొని వచ్చేస్తారు. పొద్దుపోతే గేదెలు అరుస్తాయి, పిల్లలు ఆకలితో ఉంటారు అని తొందర. పెండ్లి అయి పదిహేను, ఇరవై ఏండ్లు గడిచినా, ఏ పనీ లేకుండా కేవలం ఒకరితో ఒకరు ఉండడం కొరకు ఒక్కసారైనా ఊరు దాటని దంపతులు మన సంఘాలలో చాలామంది ఉన్నారు.

ఈ మాట ఎత్తితే సాధారణంగా రెండు జవాబులు వినబడతాయి. "అయ్యగారూ, ఆ సరదాలు డబ్బున్నవాళ్లకండి" అని భర్త అంటాడు. "ఈ వయసులో మాకెందుకండి, నలుగురూ నవ్వుతారు" అని భార్య అంటుంది. మొదటిది డబ్బును గూర్చిన భయం, రెండవది సిగ్గు. డబ్బును గూర్చిన భయం లెక్క వేసికొంటే పోతుంది. సిగ్గు, ఆ లెక్క ఇద్దరూ కలిసి కూర్చొని వేసికొంటే పోతుంది. ఈ వ్యాసంలో చెప్పదలచినది ఇంతే. అయితే ఆ లెక్క ఎట్లు వేయాలో, ఎక్కడికి వెళ్లాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో వివరంగా చెప్పకపోతే ఇది ఉత్త ఉపదేశంగా మిగిలిపోతుంది. గనుక విశాఖపట్నం ప్రయాణాన్ని ఉదాహరణగా తీసికొని వివరిస్తాను.

ఇది విలాసమా?

కొందరికి ఈ సందేహం కలుగుతుంది. ఇంట్లో పెద్దలున్నారు, అప్పులున్నాయి, పిల్లల ఫీజులున్నాయి, ఇప్పుడు షికార్లా అంటారు. కొత్తగా పెండ్లి చేసికొన్న మనిషిని ఒక సంవత్సరం పాటు యుద్ధానికి పంపకూడదనీ, అతడు ఇంట ఉండి భార్యను సంతోషపెట్టాలనీ ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో ఒక నియమం ఉంది. దేశానికి సైనికులు కావలసిన వేళ కూడా ఆ సమయాన్ని కాపాడారంటే, భార్యాభర్తల సహవాసం పనికిమాలిన సంగతి కాదని తెలుస్తోంది గదా.

ఇంట్లో మాట్లాడుకోవడానికి చోటు ఉండదు. ఒక గదిలో అత్తగారు, మరొక మంచం మీద పిల్లలు. భార్యాభర్తల మాటలన్నీ ఎరువుల బాకీ, కరెంటు బిల్లు, పాల లెక్కల చుట్టూనే తిరుగుతాయి. కొన్నాళ్లకు ఇద్దరూ ఒకే దుకాణంలో పనిచేసే గుమాస్తాలవలె అయిపోతారు. కోపం ఉండదు, కొట్లాట ఉండదు, మాటా ఉండదు. రెండు రోజుల ప్రయాణం దీన్నంతా బాగుచేస్తుందని నేను చెప్పను. కాని ఆగిపోయిన మాట మళ్లీ మొదలవడానికి కొంత చోటు, కొంత సమయం కావాలి. అంతవరకు ఇది అవసరమే.

అప్పు చేయవద్దు

మొదటి నియమం ఇది. ఈ ప్రయాణం కొరకు ఒక్క రూపాయి కూడా అప్పు చేయకూడదు. 5,000 రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 150 రూపాయల వడ్డీ అవుతుంది. ఏడాదిలో తీర్చకపోతే వడ్డీయే 1,800. అప్పుడు ఆ రెండు రోజుల తీపి పోయి, "నీ మూలంగానే వెళ్లాం" అనే దెప్పిపొడుపు మిగులుతుంది. డ్వాక్రా సంఘంలో తీసికొన్న రుణాన్ని కూడా ఇందుకు వాడవద్దు. దాని పని వేరు.

దీనికి బదులు ఒక డబ్బా పెట్టుకోండి. వారానికి 125 రూపాయల చొప్పున 40 వారాలు వేస్తే 5,000 అవుతుంది. పాల డబ్బు వచ్చేవారు పాల డబ్బులోనుండి, కూలికి వెళ్లేవారు కూలి డబ్బులోనుండి వేయవచ్చు. ఒక వారం వేయలేకపోతే మరుసటి వారం సరిచేయండి. ముఖ్యమైన విషయం, డబ్బా ఇద్దరికీ తెలియాలి. భర్త రహస్యంగా దాచి ఒక రోజు హఠాత్తుగా "పద, వెళ్దాం" అనడం సినిమాలో బాగుంటుంది. ఇంట్లో అయితే భార్యకు మొదట కలిగేది సంతోషం కాదు, "ఇంత డబ్బు ఎక్కడిది?" అనే కంగారు. ఇద్దరూ కలిసి ఆ 40 వారాలు ఎదురుచూస్తే ప్రయాణంలో సగం ఆనందం ఇంట్లోనే దొరుకుతుంది.

5,000 రూపాయలను ఎట్లు పంచాలి?

ఒక నోటుపుస్తకంలో ఇట్లు వ్రాసికోండి. ఇది ధరల పట్టిక కాదు. దూరాన్ని బట్టి, కాలాన్ని బట్టి అంకెలు మారతాయి. డబ్బును ముందుగా ఏ సంచిలో ఎంత పెట్టాలో చూపడానికే ఈ లెక్క.

రాను పోను ప్రయాణం – 800
ఒక రాత్రి గది – 1,500
ఇద్దరి భోజనాలు, టిఫిన్లు – 1,200
ఊరిలో బస్సులు, ఆటోలు – 400
చూడదగిన చోట్ల ప్రవేశ రుసుము – 300
పిల్లలకు, పెద్దలకు తీసికొనివచ్చే వస్తువులు – 300
ముట్టుకోకూడని డబ్బు – 500

మొత్తం 5,000. చివరి 500 ఒక కవరులో వేసి భార్య తన సంచిలో ఉంచాలి. జ్వరం వచ్చినా, బండి తప్పిపోయినా అది ఆదుకొంటుంది. ఏమీ జరగకపోతే తిరిగివచ్చి అదే డబ్బాలో వేయండి. మరుసటి ఏటి ప్రయాణానికి అదే మొదటి విత్తనం.

ఎప్పుడు వెళ్లాలి?

డిసెంబరు చివరి వారం నుండి సంక్రాంతి వరకు విశాఖపట్నం, అరకు ప్రాంతాలు యాత్రికులతో నిండిపోతాయి. గది అద్దెలు పెరుగుతాయి. మే నెలలో ఉక్క భరించలేము. అక్టోబరు, నవంబరులలో తుఫానుల భయం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ నగరాన్ని ఎంత ధ్వంసం చేసిందో చాలామందికి జ్ఞాపకముండే ఉంటుంది. గనుక సంక్రాంతి దాటిన తరువాత, జనవరి చివర నుండి ఫిబ్రవరి నెలాఖరు వరకు మంచి సమయం. ఆపైన పిల్లల పరీక్షలు వస్తాయి.

వారంలో ఏ రోజు? శని, ఆదివారాలు గిరాకీ ఎక్కువ. సోమవారం జలాంతర్గామి ప్రదర్శనశాల, జంతు ప్రదర్శనశాల మూసి ఉంటాయి. మంగళవారం వెళ్లి బుధవారం రాత్రికి తిరిగిరావడం అన్నిటికంటె మేలు. ఆదివారం ఆరాధన కూడా తప్పదు.

ఇంకొక మాట. వీలైతే పౌర్ణమి చూసుకొని వెళ్లండి. విశాఖ సముద్రం తూర్పు వైపున ఉంది. అక్కడ సూర్యుడు సముద్రంలో అస్తమించడు, సముద్రంలోనుండి ఉదయిస్తాడు. పౌర్ణమినాడు పొద్దు గూకే వేళకే చంద్రుడు అదే సముద్రం వైపునుండి పైకి వస్తాడు. దీనికి టికెట్టు లేదు. డబ్బున్నవాడు ఖరీదైన హోటలు కిటికీలోనుండి చూసే చంద్రుణ్ణే మీరు ఇసుకలో కూర్చొని చూస్తారు. పౌర్ణమి మరునాడు వెళ్తే సుమారు ముప్పావుగంట ఆలస్యంగా వస్తాడు, అంతే తేడా.

ప్రయాణం

రైలులో రెండవ తరగతి కూర్చునే సీటు రిజర్వు చేయించుకొంటే చవక, సుఖం రెండూ ఉంటాయి. రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఉదయాన్నే విజయవాడలో బయలుదేరి ఏలూరు, రాజమండ్రి, సామర్లకోట, తుని మీదుగా మధ్యాహ్నానికి విశాఖ చేరుతుంది. 350 కిలోమీటర్ల దూరం.  పూర్వం 120 రోజుల ముందే టికెట్లు ఇచ్చేవారు. 2024 నవంబరు 1 నుండి 60 రోజుల ముందు మాత్రమే ఇస్తున్నారు. గనుక ప్రయాణానికి రెండు నెలల ముందు జ్ఞాపకం పెట్టుకొని రానుపోను టికెట్లు రెండూ తీసికోండి.

దగ్గరి జిల్లాలవారికి ఆర్టీసీ బస్సు మేలు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ప్రారంభమైన స్త్రీశక్తి పథకం క్రింద రాష్ట్ర మహిళలకు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో టికెట్టు డబ్బు లేదు. ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపి జీరో టికెట్టు తీసికోవాలి. సూపర్ లగ్జరీ, ఏసీ బస్సులకు ఇది వర్తించదు. అంటే బస్సు ఖర్చు దాదాపు సగమవుతుంది. విశాఖ నగరంలో తిరిగే సిటీ బస్సులలోనూ ఇదే సౌకర్యం. "ఈ ప్రయాణంలో నిన్ను నేను తీసికొనివెళ్లడం లేదు, నువ్వే నా ఖర్చు తగ్గించి నన్ను తీసికొనివెళ్తున్నావు" అని భర్త ఒక మాట అంటే ఆమెకు ఎంత సంతోషం!

మొదటి పూటకు ఇంటినుండి పులిహోరో, చపాతీలో కట్టుకోండి. మంచినీళ్ల సీసాలు రెండు పెట్టుకోండి. ఖాళీ అయితే స్టేషనులో నింపుకోవచ్చు. రక్తపోటు, చక్కెర మందులు వేసికొనేవారు రెండు రోజులకు బదులు నాలుగు రోజుల మందులు దగ్గర ఉంచుకోవాలి.

గది తీసికొనేటప్పుడు

సముద్రం ఎదురుగా ఉన్న హోటళ్లలో గది ధర ఎక్కువ. మీరు గదిలో కూర్చొని సముద్రం చూడడానికి వెళ్లడం లేదు గదా. ఆర్టీసీ కాంప్లెక్సు, డాబాగార్డెన్సు, జగదాంబ సెంటరు ప్రాంతాలలో సాధారణమైన లాడ్జీలు ఉన్నాయి. అక్కడినుండి బీచికి ఆటోలో కొద్ది నిమిషాలు. రైలు టికెట్టు ఖాయమైనవారు స్టేషనులోని విశ్రాంతి గదులను ఐఆర్‌సీటీసీ వెబ్‌సైటులో పిఎన్ఆర్ నంబరుతో ముందుగా తీసికోవచ్చు. అవి తరచుగా లాడ్జీలకంటె చవక. కాని ముందుగానే నిండిపోతాయి.

డబ్బు కట్టకముందు మూడు ప్రశ్నలు అడగండి.

మొదటిది, "గది 24 గంటలకా, లేక మధ్యాహ్నం 12 గంటలకు ఖాళీ చేయాలా?" సాయంత్రం 4 గంటలకు గదిలో దిగినవారికి ఈ ఒక్క ప్రశ్నలో నాలుగు గంటల తేడా ఉంది.

రెండవది, "చెప్పిన ధరలో పన్ను కలిసిందా?" 2025 సెప్టెంబరు 22 నుండి రోజుకు 7,500 రూపాయల లోపు గదులకు జీఎస్టీ 5 శాతం. 1,400 రూపాయల గదికి 70 రూపాయలు పన్ను. మొత్తం 1,470. మన లెక్కలోని 1,500 దాటదు.

మూడవది, "గది ఖాళీ చేసిన తరువాత సామాను ఇక్కడ ఉంచనిస్తారా?" ఉంచనివ్వకపోతే స్టేషనులోని సామాను గది ఉంది. పెట్టెకు తాళం ఉండాలి.

ఇద్దరి ఆధార్ కార్డులూ తప్పక తీసికొనివెళ్లండి. గదిని మొదట భార్య చూడాలి. తలుపు గడియ సరిగా పడుతోందా, స్నానాలగది శుభ్రంగా ఉందా, నీళ్లు వస్తున్నాయా అని ఆమె చూసి సరేనన్న తరువాతనే రిజిస్టరులో సంతకం చేయండి. ఇట్టి విషయాలలో ఆమె మాటకు విలువ ఇవ్వడమే ప్రయాణంలో మొదటి మర్యాద.

మొదటి రోజు: ఇసుకలో సాయంత్రం

గదిలో దిగిన తరువాత ఒక గంట పడుకోండి. చాలామంది ఆడవారు పెండ్లయిన తరువాత మధ్యాహ్నం నిద్ర అనేదే ఎరుగరు. తొందర లేదు. నాలుగు గంటలకు రామకృష్ణా బీచికి బయలుదేరండి.

అక్కడ ఒడ్డున ఐ.ఎన్.ఎస్. కురుసుర అనే జలాంతర్గామి ఉంది. సోవియట్ యూనియనులో తయారై 1969లో మన నౌకాదళంలో చేరింది. 31 సంవత్సరాలు పనిచేసి 2001లో విశ్రాంతి పొందింది. 2002లో దాన్ని ఇసుక మీదికి చేర్చి ప్రజలు చూడడానికి తెరిచారు. పొడవు 91 మీటర్లు. అందులో సుమారు 75 మంది నావికులు నీళ్ల క్రింద రోజుల తరబడి ఎట్లు బ్రతికారో, ఒకరి మీద ఒకరు అరల మాదిరి పడకలలో ఎట్లు పడుకొన్నారో లోపలికి వెళ్లి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. "మన రెండు గదుల ఇల్లు దీనికంటె విశాలమే" అని నవ్వుకోవచ్చు. లోపల దారి ఇరుకు. గుండ్రని ద్వారాలలోనుండి వంగి దాటాలి. మోకాళ్ల నొప్పులవారు, ఊపిరాడని భయం ఉన్నవారు బయటినుండి చూస్తే చాలు. రోడ్డుకు అవతల టీయూ–142 అనే పెద్ద విమానాన్ని 2017లో ప్రదర్శనకు పెట్టారు. రెండింటిలో ఒకటి చూస్తే చాలు. అన్నీ చూసేయాలనే ఆత్రమే జేబును ఖాళీ చేసేది, కాళ్లను అలసిపోజేసేది.

తరువాత ఇసుకలో కూర్చోండి. విశాఖ బీచిలో మురీ మిక్చరు పేరుపొందినది. ఒక పొట్లం ఇద్దరికీ చాలు. కాల్చిన మొక్కజొన్న పొత్తు ఒకటి కొని విరుచుకోండి. ఫోటోలు తీస్తామని వచ్చేవారితో ఎన్ని ఫోటోలకు ఎంత అని ముందే మాట్లాడుకోండి. ఆరు దాటిన తరువాత ఎక్కడికీ వెళ్లవద్దు. చంద్రుడు వస్తాడు, చూడండి.

రాత్రి ఎనిమిది గంటలకు పిల్లలకు ఒక్కసారి ఫోను చేసి, తరువాత దాన్ని సంచిలో పెట్టేయండి.

సముద్రం దగ్గర జాగ్రత్త

ఈ మాట ప్రత్యేకంగా వ్రాస్తున్నాను. రామకృష్ణా బీచి చూడడానికి ఎంత అందమో, దిగడానికి అంత ప్రమాదం. లోపలికి లాగే ప్రవాహాలు, రాళ్లు, హఠాత్తుగా లోతైన చోట్లు ఉన్నాయి. ఏటా అక్కడ ప్రాణాలు పోతున్నాయి. చెరువులో ఈత వచ్చినవారికి సముద్రంలో ఈత వచ్చినట్లు కాదు. యారాడలోనూ ఇదే జాగ్రత్త. పౌర్ణమి, అమావాస్యలలో పోటు ఎక్కువగా ఉంటుంది. పాదాలు తడుపుకోండి, మోకాలు దాటనివ్వవద్దు. సముద్రానికి వీపు పెట్టి ఫోటోలకు నిలబడవద్దు. భార్య వద్దంటే "నాకేమవుతుందిలే" అని భర్త పౌరుషానికి పోవద్దు.

రెండవ రోజు: భీమిలి దారి

తెల్లవారుజామున అయిదున్నరకు లేచి మళ్లీ ఒడ్డుకు వెళ్లండి. సూర్యోదయం చూసి, టీ త్రాగి, చిన్న టిఫిన్ సెంటరులో ఇడ్లీ తిని వచ్చేసరికి ఎనిమిది అవుతుంది. గది ఖాళీ చేసి, సంచి లాడ్జీలో అప్పగించి భీమునిపట్నం బస్సు ఎక్కండి. ఎక్కేముందు "బీచిరోడ్డు మీదుగా వెళ్తుందా?" అని అడగండి. కొన్ని బస్సులు లోపలి రోడ్డున పోతాయి. బీచిరోడ్డు బస్సులో కుడి వైపు కిటికీ దగ్గర భార్యను కూర్చోబెట్టండి. సుమారు 25 కిలోమీటర్లు సముద్రం తోడు వస్తుంది. కైలాసగిరి కొండ, ఋషికొండ, ఎర్రమట్టి దిబ్బల ప్రాంతం అన్నీ ఈ దారిలోనివే.

భీమిలి పాత ఊరు. 17వ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ వర్తకం చేశారు. వారి సమాధులు నేటికీ ఉన్నాయి. దేశం కాని దేశంలో భార్యను, బిడ్డను పోగొట్టుకొన్నవారి కథలు ఇట్టి రాళ్ల వెనుక ఉంటాయి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన పట్టణమిది. గోస్తని నది ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. ఒడ్డున పడవలు, వలలు బాగుచేసే జాలరివారు కనబడతారు. విశాఖ బీచిలోని జనసమ్మర్దం ఇక్కడ ఉండదు. ఒక చెట్టు నీడన కూర్చొని రెండు గంటలు మాట్లాడుకోవడానికి ఇంతకు మించిన చోటు లేదు.

మధ్యాహ్నం భోజనం చేసి తిరుగు బస్సులో కైలాసగిరి దగ్గర దిగవచ్చు. మెట్ల దారి ఉంది, తీగబండి ఉంది. ఓపిక ఉంటే నడవండి, లేకపోతే తీగబండికి 300 రూపాయల సంచిలో మిగిలినది వాడండి. పైనుండి చూస్తే ఒడ్డు వంపు తిరిగి నగరమంతా కనబడుతుంది. నిన్న మీరు కూర్చొన్న ఇసుకను వెదకి ఒకరికొకరు చూపించుకోండి.

పాత విశాఖ ఊరిని చూసే తీరిక ఉన్నవారికి ఒక సంగతి. 1805లో లండన్ మిషనువారు ఈ పట్టణంలో తెలుగువారి మధ్య పని ప్రారంభించారు. సువార్తలను తెలుగులోనికి తేవడానికి వారు ఇక్కడే కూర్చొని భాష నేర్చుకొన్నారు.

ఇల్లు, పిల్లలు, పెద్దలు

పెద్దలకు చెప్పకుండా వెళ్లవద్దు. అబద్ధం చెప్పి అసలే వెళ్లవద్దు. "బ్యాంకు పని" అని చెప్పి వెళ్లినవారు రెండు రోజులూ భయంతోనే గడుపుతారు. కొడుకే తల్లి దగ్గర కూర్చొని, "అమ్మా, మేమిద్దరం ఒకసారి విశాఖ చూసి వస్తాం. రెండు రోజులు పిల్లలను నువ్వు చూడాలి" అని అడగాలి. ఈ మాట అడిగే బరువు కోడలి మీద వేయకూడదు. అత్తగారు మొదట మూతి విరిచినా, తనను అడిగి వెళ్తున్నారన్న తృప్తి ఆమెకు ఉంటుంది. నిజానికి ఆమె మనస్సులోనూ తాను ఎన్నడూ వెళ్లని ఒక ప్రయాణం ఉండే ఉంటుంది. తిరిగివచ్చేటప్పుడు ఆమెకొక చిన్న వస్తువు తెస్తే ఆ మాట తీరుతుంది.

పాలు పితికేందుకు, పశువులకు మేత వేసేందుకు పొరుగువారిని ముందే అడగండి. వారి ఇంట అవసరానికి మీరు ఆ పని చేయండి. సంఘంలో రెండు మూడు కుటుంబాలు ఇట్లు వంతులు వేసికొంటే ఏడాదికొక జంట చొప్పున అందరూ వెళ్లిరావచ్చు.

తెలంగాణ దంపతులకు

ఇదే పద్ధతి ఏ పట్టణానికైనా పనికివస్తుంది. తెలంగాణలోని వారికి హైదరాబాదు దగ్గర. అక్కడ 2023 డిసెంబరు 9న ప్రారంభమైన మహాలక్ష్మి పథకం క్రింద రాష్ట్ర మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలోను, నగరంలోని ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలోను టికెట్టు డబ్బు లేదు.

గోలకొండ కోటలో ఫతే దర్వాజా దగ్గర గుమ్మటం క్రింద నిలబడి చప్పట్లు కొడితే, దాదాపు కిలోమీటరు దూరాన కొండ పైనున్న బాలా హిస్సారులో వినబడుతుంది. శత్రువు రాకను పైకి తెలిపేందుకు అట్లు కట్టారు. ఒకరు క్రింద ఉండి, ఒకరు పైకి వెళ్లి పరీక్షించి చూడండి.

సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు వేసికొన్న రిబ్కా పాలరాతి బొమ్మ ఉంది. బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కినది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమునుండి కొని తెచ్చాడు. ఇస్సాకును మొదటిసారి చూసి ముసుగు వేసికొన్న పెండ్లికూతురు ఆమె. పల్చని ముసుగు వెనుక ముఖం కనబడేటట్లు రాతిని ఎట్లు చెక్కాడో చూచి తీరవలసినదే. అక్కడి గడియారంలో గంట గంటకూ ఒక చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టడం చూడడానికి జనం ముందే వచ్చి కూర్చొంటారు. శుక్రవారం మ్యూజియం మూసి ఉంటుంది. సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద కూర్చొని, హుస్సేన్‌సాగర్ నీళ్ల మధ్య దీపాల వెలుగులో 1992లో నిలబెట్టిన బుద్ధ విగ్రహాన్ని చూడడానికి డబ్బు అక్కరలేదు.

ఏమి మాట్లాడుకోవాలి?

చాలామంది దంపతులకు అసలు భయం ఖర్చు కాదు. ఇద్దరమే ఉంటే ఏమి మాట్లాడుకోవాలో తెలియదు. ఇది సిగ్గుపడవలసిన సంగతి కాదు. ఎన్నాళ్లుగానో తిప్పని తిరగలి మొదట కిర్రుమంటుంది.

ఒక చిన్న ఒప్పందం చేసికొని వెళ్లండి. రెండు రోజులూ బాకీల మాట, బంధువులను గూర్చిన ఫిర్యాదులు ఎత్తకూడదు. ఒక రోజు ఎక్కడికి వెళ్లాలో భార్య చెప్పాలి, ఒక రోజు భర్త చెప్పాలి. సూర్యోదయం వేళ ఒకరినొకరు మూడు ప్రశ్నలు అడగండి. మన ఇంట్లో నీకు ఎక్కువ కష్టంగా ఉన్న పని ఏది? నేను చేసే పనులలో నీకు నచ్చేది ఏది? పిల్లలు పెద్దవారైన తరువాత నువ్వు ఎట్లు బ్రతకాలనుకొంటున్నావు? అవతలివారు చెప్పేటప్పుడు సమాధానం చెప్పుకోవద్దు, సమర్థించుకోవద్దు. వినండి, చాలు. ఆమె చెప్పిన కష్టమైన పనిలో ఒకటి మీరు ఇంటికి వచ్చిన వారంలోనే తగ్గించగలిగితే, ఆ ప్రయాణానికి పెట్టిన ప్రతి రూపాయి వసూలైనట్లే.

ప్రియమైన పాఠకులారా, వయసు మీరిన దంపతులలో ఒకరు పోయిన తరువాత మిగిలినవారు చెప్పే మాటలు విన్నప్పుడు గమనించిన విషయం ఒకటుంది. కట్టిన ఇంటిని గూర్చి, కొన్న పొలాన్ని గూర్చి వారు అంతగా చెప్పరు. "ఒకసారి ఇద్దరం కలిసి వెళ్లాం" అని మొదలుపెట్టి చెప్తారు. ఆ "ఒకసారి" లేనివారు మౌనంగా ఉండిపోతారు. మీ ఇంట ఆ "ఒకసారి" ఉండడానికి వారానికి 125 రూపాయలు చాలు. ఈ వారమే ఒక డబ్బా వెదకండి. దాని మూతకు చిల్లు ఎవరు పెట్టాలో మాత్రం ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి.